ఆకు పసరు, గింజ పొడి: మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆకుల గురించి, గింజల గురించే. నేను డాక్టర్ని కాను, ఫార్మసీ కాలేజీలో మొక్కల మందుల పాఠం చెప్పి రిటైరైన దాన్ని. కాబట్టి ఏ మొక్కలో ఏముంది, అది ఒంట్లోకి వెళ్ళి ఏం చేస్తుంది అన్నంతవరకు చెప్పగలను. మీ ఒంటికి ఏ మందు, ఎంత అన్నది మిమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసిన డాక్టరే చెప్పాలి.

మేడమ్, మా వారికి ఎనిమిదేళ్ళుగా షుగర్. రెండు నెలల నుంచి రోజూ పరగడుపున బిళ్ళ గన్నేరు ఆకుల పసరు తాగుతున్నారు. ఎవరో వాట్సాప్‌లో వీడియో పంపారు. మాత్రలు కూడా ఒక పూట మానేశారు. "క్యాన్సర్‌కే మందైన మొక్క, షుగర్‌కి పనిచెయ్యదా" అని నన్నే అడుగుతున్నారు. ఏం చెప్పాలి?
– ఒక పాఠకురాలు, తణుకు

ముందు ఆ పసరు ఆపించండమ్మా, మిగతాది తర్వాత చదువుదురు గాని.

మీ వారి మాటలో సగం నిజం ఉంది, చిక్కంతా ఆ సగంతోనే. బిళ్ళ గన్నేరు నుంచి విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే రెండు క్యాన్సర్ మందులు వచ్చాయి. పిల్లలకు వచ్చే బ్లడ్ క్యాన్సర్‌లో విన్‌క్రిస్టిన్ ఇప్పటికీ ముఖ్యమైన మందు. అవి దొరికిన కథ మాత్రం షుగర్ దగ్గరే మొదలైంది. జమైకాలో ఈ ఆకుల టీ షుగర్‌కి తాగుతారని విని, 1950లలో కెనడాలో రాబర్ట్ నోబెల్ అనే ఆయన, చార్లెస్ బీర్ అనే ఇంకో శాస్త్రవేత్త ఎలుకల మీద చూశారు. నోటి ద్వారా ఇస్తే షుగర్‌లో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. సరే అని సారాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చారు. ఎలుకలు చచ్చిపోయాయి, అదీ షుగర్ పడిపోయి కాదు, ఇన్‌ఫెక్షన్ వచ్చి. రక్తం చూస్తే తెల్ల కణాలు బాగా పడిపోయి ఉన్నాయి. ఇంకెవరైనా అయితే "విషం, పనికిరాదు" అని పారేసేవాళ్ళేమో. వాళ్ళు మాత్రం, తెల్ల కణాలు విపరీతంగా పెరిగిపోయే జబ్బు బ్లడ్ క్యాన్సర్ కదా, ఇది అక్కడ పనికొస్తుందేమో అనుకున్నారు. 1958లో విన్‌బ్లాస్టిన్‌ని వేరుచేశారు. 1963లో అమెరికాలో విన్‌క్రిస్టిన్‌కి అనుమతి వచ్చింది. అంటే షుగర్ మందు కోసం వెతికితే షుగర్ మందు దొరకలేదు, ఇంకోటి దొరికింది. వీడియోలో ఈ ముక్క చెప్పి ఉండరు.

విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ లాంటివాటిని ఆల్కలాయిడ్లు అంటారు. నైట్రోజన్ ఉన్న, చాలావరకు చేదుగా ఉండే పదార్థాలు. పురుగూ పశువూ తన జోలికి రాకుండా మొక్క తయారుచేసుకునే సరుకు ఇది. కాఫీలో కెఫీన్, మిరియాల్లో పైపరిన్, పొగాకులో నికోటిన్, అన్నీ ఈ కుటుంబమే. ఒక్క బిళ్ళ గన్నేరులోనే ఇవి నూటికి పైగా ఉన్నాయి. మీ వారి గ్లాసులోకి దిగేది ఒక మందు కాదన్నమాట, నూరు పదార్థాల కలగలుపు. ఎండాకాలం ఆకుకీ వానాకాలం ఆకుకీ, లేత ఆకుకీ ముదురు ఆకుకీ పాళ్ళు మారిపోతాయి. నిన్న పది ఆకులు తాగి బాగున్నారు కదా అని ఇవాళ్టి పది ఆకులకు ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇక విన్‌క్రిస్టిన్ చేసే పనేమిటంటే, ఒక కణం రెండుగా చీలేటప్పుడు లోపల సన్నటి దారాల్లాంటివి అల్లుకుని క్రోమోజోముల్ని చెరో పక్కకి లాగుతాయి, ఈ మందు ఆ దారాల్ని అల్లుకోనివ్వదు. క్యాన్సర్ కణం చీలలేక చస్తుంది. కానీ ఎముక మూలుగలో, జుట్టు కుదుళ్ళలో, పేగు పొరలో కణాలు కూడా రోజూ చీలుతూనే ఉంటాయి, వాటికీ దెబ్బే. నరాలకూ దెబ్బే, అందుకే ఈ మందు తీసుకునే పిల్లలకు కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కుతాయి, మలబద్ధకం వస్తుంది. డోసు మిల్లీగ్రాముల్లో లెక్కగట్టి సెలైన్‌తో రక్తనాళంలోకి మాత్రమే ఎక్కిస్తారు. పొరపాటున వెన్నులోకి ఇస్తే ప్రాణం దక్కడం చాలా కష్టం. అలాంటి సరుకు ఉన్న మొక్కని మనం మిక్సీలో వేస్తున్నాం.

అలాగని ఆ పసరులో క్యాన్సర్ మందు నిండుగా ఉంటుందనీ అనుకోకండి, ఆకులో విన్‌క్రిస్టిన్ ఎంత తక్కువంటే కొద్ది మందు కోసం ఫ్యాక్టరీలు ఎండుటాకు క్వింటాళ్ళ లెక్కన కొనాలి. కాబట్టి గ్లాసు పసరుతో క్యాన్సర్ తగ్గదు, షుగర్ కుదురుగా ఉండదు, ఉన్న షుగర్ మాత్రతో కలిసి ఒక్కోరోజు అనుకోకుండా డౌన్ అయ్యే ప్రమాదం మాత్రం ఉంది. మానేసిన మాత్ర డాక్టర్ని అడిగి మళ్ళీ మొదలుపెట్టించండి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షతో పాటు సీబీసీ కూడా ఒకసారి చేయించండి, తెల్ల కణాలు ఎలా ఉన్నాయో తెలుస్తుంది. పసరు తాగిన సంగతి డాక్టర్ దగ్గర దాచకండి. తిడతారని దాచేవాళ్ళే ఎక్కువ, తిడితే తిట్టనివ్వండి.

మా ఇంటి గేటు పక్కన పచ్చ గన్నేరు చెట్టుంది. ఇదీ బిళ్ళ గన్నేరూ ఒకటేనా? ఇందులోవీ ఆల్కలాయిడ్లేనా? ఇంట్లో చిన్నపిల్లలున్నారు.
– కరీంనగర్ నుంచి

పేరులో గన్నేరు ఉంది, కుటుంబం కూడా ఒకటే, విషం మాత్రం వేరు. పచ్చ గన్నేరులో, ఎర్ర గన్నేరులో ప్రాణం తీసేవి ఆల్కలాయిడ్లు కాదు, గ్లైకోసైడ్లు. నేరుగా గుండె మీద పనిచేసి లయ తప్పిస్తాయి. గుండె జబ్బుకి ఇచ్చే డిగాక్సిన్ మాత్ర చుట్టాలు ఇవి. పచ్చ గన్నేరు కాయలో ఉండే పప్పు అన్నిటికంటే ప్రమాదం. ఇంట్లో నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే నేనైతే కొట్టించేస్తాను, పూలకి మందారం వేసుకోవచ్చు. కొట్టిన కొమ్మలు పొయ్యిలో పెట్టకండి, పొగ కూడా మంచిది కాదు. పిల్లలు కాయ నోట్లో పెట్టుకున్నారని అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించాలని ఉప్పునీళ్ళు తాగించకుండా, ఆ కాయ చేత్తో పట్టుకుని ఈసీజీ తీసే ఆస్పత్రికి పరుగెత్తండి.

అమ్మా, మా తమ్ముడు పత్తికి మందు కొడుతూ చేలోనే పడిపోయాడు. నోట్లోంచి నురగ, ఒళ్ళంతా చెమటలు. ఆస్పత్రిలో అట్రోపిన్ అనే ఇంజెక్షన్ గంటగంటకీ ఇచ్చారు. రెండో రోజు వాడు గాల్లో ఏదో ఏరుకుంటున్నట్టు చేతులు ఆడించడం, లేనివాళ్ళతో మాట్లాడటం మొదలుపెట్టాడు. భయపడి అడిగితే ఒక కుర్ర డాక్టరు "అది ఉమ్మెత్త విషం లాంటిదే, కంగారు పడకండి" అన్నాడు. విషానికి విషం ఎలా ఇస్తారమ్మా? ఇప్పుడు తమ్ముడు బాగానే ఉన్నాడు.
– ఆదిలాబాద్ జిల్లా రైతు

బాగున్నాడన్న మాట చివర్లో రాశారు, అప్పటిదాకా నాకు టెన్షనే. ఆ కుర్ర డాక్టరు చెప్పింది అక్షరాలా నిజం.

మన నరం కండరానికి, గ్రంథికి కబురు పంపాలంటే అసిటైల్‌కోలిన్ అనే పదార్థాన్ని వదులుతుంది. కబురు అందగానే దాన్ని తుడిచేసే ఎంజైమ్ ఒకటి పక్కనే కాపలా ఉంటుంది. మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫరస్ పురుగుమందులు ఆ కాపలా ఎంజైమ్‌ని కట్టిపడేస్తాయి. ఇక కబురు ఆగదు. నోట్లో లాలాజలం, కళ్ళల్లో నీళ్ళు, చెమట, విరేచనం, అన్నీ కట్ట తెగినట్టు కారతాయి, కంటిపాప సూదిమొనంత అవుతుంది. అన్నిటికంటే ముప్పు ఊపిరితిత్తుల్లో నీరు ఊరడం, గట్టు మీదున్న మనిషి తన లోపలి నీళ్ళలోనే మునిగిపోతున్నట్టు లెక్క. ఉమ్మెత్తలో ఉన్న ఆల్కలాయిడ్లు సరిగ్గా దీనికి తలకిందులు, మీ తమ్ముడికిచ్చిన అట్రోపిన్ కూడా వాటిల్లో ఒకటే. అసిటైల్‌కోలిన్ వచ్చి కూర్చోవాల్సిన చోట ముందే తాము కూర్చుంటాయి. అందుకే ఉమ్మెత్త తిన్నవాడికి నోరు పిడచకట్టుకుపోతుంది, చెమట ఆగిపోయి ఒళ్ళు కాలుతుంది, కంటిపాప పెద్దదైపోతుంది, మూత్రం బిగుసుకుంటుంది, లేనివి కనపడతాయి. ఒకటి కార్పిస్తుంది, ఇంకోటి ఎండగడుతుంది. డాక్టర్లు ఊపిరితిత్తుల్లో గురగుర తగ్గిందా, నాడి పెరిగిందా అని వింటూ, చూస్తూ, అట్రోపిన్ కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతారు. కాస్త ఎక్కువైతే మీ తమ్ముడు చేసినట్టు గాల్లో ఏరుకోవడం, కలవరింతలు. అప్పుడు డోసు తగ్గిస్తారు. ఊళ్ళో "ఉమ్మెత్తకాయ తిన్నవాడిలా ఏమిట్రా ఆ వాగుడు" అంటారు చూడండి, మీరు కళ్ళారా చూసింది అదే.

ఇది చదివి ఎవరైనా పురుగుమందు తగిలిన మనిషికి ఉమ్మెత్త పసరు పోస్తారేమోనని నాకు నిజంగానే భయం. వద్దు. ఒక కాయలో గింజలకీ ఇంకో కాయలో గింజలకీ మందు శాతం ఒకేలా ఉండదు, పైగా పోసిన తర్వాత వెనక్కి తీయలేం. తడిసిన బట్టలు విప్పేసి, ఒళ్ళు సబ్బుతో కడిగి, మందు డబ్బా చేత్తో పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళండి. డబ్బా ఎందుకంటే, పారాక్వాట్ లాంటి గడ్డి మందు అయితే అట్రోపిన్ దానికి విరుగుడు కాదు, చేసే వైద్యమే వేరు. బట్టలు విప్పే మనిషి చేతులకి ప్లాస్టిక్ కవరన్నా తొడుక్కోవాలి.

ఇంకో చిన్న ముచ్చట. ఉబ్బసానికి ఎండు ఉమ్మెత్త ఆకు చుట్ట చుట్టి పొగ పీల్చే అలవాటు పూర్వం ఉండేది. పూర్తిగా మూఢనమ్మకం కాదది, ఆ పొగ ఊపిరి గొట్టాల్ని నిజంగానే వదులు చేస్తుంది. ఇప్పుడు ఇన్‌హేలర్లలో వాడే ఇప్రాట్రోపియం ఆ అట్రోపిన్‌నే కాస్త మార్చి చేసింది, మెదడుకి ఎక్కకుండా ఊపిరితిత్తుల దగ్గరే ఉండిపోయేలా. తాత పీల్చిన చుట్టకీ మనవడి ఇన్‌హేలర్‌కీ తేడా అదే.

మాది పొగాకు పనే. ఆకు రెలుపుల (కోతల) కాలంలో పొద్దున్నే మంచులో చేలోకి వెళ్ళిన ఆడవాళ్ళం మధ్యాహ్నానికి వాంతులు, తలతిరుగుడుతో కూలబడతాం. వడదెబ్బ అంటారు, పైత్యం అంటారు. మాలో చుట్ట తాగేవాళ్ళు లేరు. మరి ఎందుకిలా?
– ప్రకాశం జిల్లా నుంచి

వడదెబ్బ కూడా కలవచ్చు గానీ, మీరు చెప్పిన తీరు చూస్తే ఇది పచ్చాకు జబ్బులా ఉంది. నికోటిన్ నీళ్ళలో కరుగుతుంది. మంచుకో వానకో చెమటకో తడిసిన ఆకుని చంకలో పెట్టుకుని మోస్తుంటే ఆ నీళ్ళతో పాటు నికోటిన్ చర్మంలోంచి నేరుగా రక్తంలోకి వెళ్తుంది. అంటే మీరు ఒక్క చుట్ట కూడా కాల్చకుండా ఒకేసారి బోలెడు కాల్చినట్టే. చుట్ట అలవాటు ఉన్నవాళ్ళకు ఒళ్ళు మొద్దుబారి ఉంటుంది, అంతగా తెలియదు. అలవాటు లేని మీకే ఎక్కువ తెలుస్తుంది. ఎంత అన్యాయమో చూడండి.

సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది, కానీ వాంతులు ఆగకపోతే, ఊపిరి బరువైతే ఆస్పత్రికి వెళ్ళాలి, "పచ్చి పొగాకులో పనిచేశాను" అని చెప్పాలి. చెప్పకపోతే పైత్యం కిందే పోతుంది. మంచు ఆరాక రెలుపు మొదలుపెట్టడం, పొడుగు చేతుల చొక్కా, రబ్బరు గ్లవ్స్, తడిసిన బట్ట వెంటనే మార్చడం, అన్నానికి కూర్చునే ముందు సబ్బుతో చేతులు మోచేతుల దాకా కడగడం, ఇవి పనిచేస్తాయి. కూలి ఇచ్చే రైతుని గ్లవ్స్ అడగండి, పొగాకు ఆరబెట్టే బ్యారన్‌కి పెట్టే కట్టెల ఖర్చుతో పోలిస్తే అదెంత. కడుపుతో ఉన్నవాళ్ళనీ పిల్లల్నీ తడి ఆకు ముట్టనివ్వకండి.

మా నాన్నకి మోకాళ్ళ నొప్పులకు ఒక నాటు వైద్యుడు ముష్టి గింజల పొడి ఇస్తున్నాడు, "పాలలో శుద్ధి చేశా, భయం లేదు" అంటాడు. నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, శ్రీశైలం దారిలో ఒక ఊరు

శుద్ధి అన్నది బూటకం కాదు. ఆయుర్వేదంలో విషముష్టిని పాలలో ఉడకబెట్టి, నేతిలో వేయించి, పై పెచ్చు, లోపలి మొలక తీసేసి వాడతారు. దానివల్ల స్ట్రిక్నిన్, బ్రూసిన్ అనే ఆల్కలాయిడ్లు తగ్గుతాయి. తగ్గుతాయి అన్నాను, పోతాయి అనలేదు. ఎంత తగ్గాయో తెలియాలంటే ల్యాబులో కొలవాలి, ఆయన ఇంట్లో ల్యాబు ఉందో లేదో మీరే చూసి చెప్పాలి.

స్ట్రిక్నిన్‌ని 1818లో ఫ్రాన్స్‌లో పెలెటియే, కావెంటూ అనే ఇద్దరు వేరుచేశారు. రెండేళ్ళకి 1820లో అదే జంట సింకోనా బెరడు నుంచి క్వినైన్ తీసింది, మలేరియాకి మందైంది.  ఒకే జంట చేతుల్లో రెండేళ్ళ తేడాతో ఒక ఎలుకల మందు, ఒక ప్రాణం నిలిపే మందు. వెన్నుపాములో కండరాలకు బ్రేక్ వేసే ఏర్పాటు ఒకటుంటుంది, స్ట్రిక్నిన్ ఆ బ్రేక్ తీసేస్తుంది. చిన్న చప్పుడికే ఒళ్ళంతా కొయ్యబారి ఫిట్స్ వస్తాయి, మనిషికి స్పృహ మాత్రం ఉంటుంది.

మీకు పనికొచ్చే మాట ఒకటి. మన దేశంలో డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్ ఇ(1) అని ఆయుర్వేద, సిద్ధ, యునాని మందుల్లోని విషపదార్థాల జాబితా ఉంది. విషముష్టి, ఉమ్మెత్త, వత్సనాభి అందులో ఉన్నాయి. ఇవి కలిసిన మందు కడుపులోకి తీసుకునేదైతే, వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలని లేబుల్ మీద హెచ్చరిక ఉండాలి. మీ నాన్నకి ఇచ్చేది పేపర్లో చుట్టిన పొడి అనుకుంటా, దానికి లేబులూ లేదు, బ్యాచ్ నంబరూ లేదు. ఒళ్ళు బిగుసుకున్నట్టు, దవడ పట్టేసినట్టు ఎప్పుడైనా అనిపించిందా అని అడగండి. నొప్పులకి రిజిస్ట్రేషన్ ఉన్న ఆయుర్వేద డాక్టర్ దగ్గరికి వెళ్ళినా నాకేం అభ్యంతరం లేదు. అన్నట్టు, మీ వైపు బురద నీళ్ళు తేటపడటానికి బిందెలో అరగదీసే చిల్ల గింజ ఉంది చూశారా, అది ఈ ముష్టికి దగ్గరి చుట్టమే. దాని జోలికి మాత్రం భయం అక్కర్లేదు.

దగ్గుకి అడ్డసరం ఆకు కషాయం తాగొచ్చా? మా కోడలికి ఐదో నెల.
– రాజమహేంద్రవరం నుంచి

కోడలికి వద్దు. అడ్డసరంలో వాసిసిన్ అనే ఆల్కలాయిడ్ గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది. మిగతా పెద్దవాళ్ళు మామూలు దగ్గుకి ఒకటి రెండు రోజులు తాగితే సరే. మెడికల్ షాపులో కఫం కరగడానికి ఇచ్చే బ్రోమ్‌హెక్సిన్ సిరప్ ఈ వాసిసిన్‌ని చూసి తయారుచేసిందే. తమిళంలో దీన్ని ఆడాతొడై అంటారు, మేక ముట్టనిది అని. మేకకి మనకంటే తెలివి ఉందని కాదు గానీ, ఆ చేదు ఊరికే లేదు.

మా ఆయన దుబాయ్‌లో ఉంటారు. మటన్ మసాలాలోకి గసగసాలు పంపమంటున్నారు. పంపొచ్చా?
– జగిత్యాల నుంచి

పంపకండి, మసాలా పొడిలో కలిపి కూడా పంపకండి! గసగసాలు నల్లమందు మొక్క గింజలే. గింజ లోపల మత్తు దాదాపు ఉండదు, కాయ గీసినప్పుడు కారే పాలలో ఉండే మార్ఫిన్ గింజల పైన కొంచెం అంటుకుని ఉంటుంది. మన వంటకి అది లెక్కలోది కాదు. యూఏఈలో మాత్రం గసగసాలే నిషేధం, ఎయిర్‌పోర్టులో పట్టుబడితే కేసు. దగ్గు సిరప్ పంపేటప్పుడు కూడా అందులో కోడీన్ ఉందేమో చూడండి, అది కూడా నల్లమందు నుంచి వచ్చిన ఆల్కలాయిడే, అక్కడ ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్ళకూడదు. మసాలాకి జీడిపప్పు చాలు, రుచి కొంచెం తగ్గుతుంది, అంతే.

బంగాళాదుంప ఆకుపచ్చగా మారితే ఉడకబెట్టి తినొచ్చా?
– గుంటూరు

వద్దు. పచ్చదనం వల్ల హాని లేదు గానీ, ఆ ఎండ తగిలిన చోటే సోలనిన్ అనే విషం కూడా పెరుగుతుంది, ఉడికినా అది పోదు. కొంచెం పచ్చగా ఉంటే మందంగా చెక్కు తీసి వాడుకోండి, నాలిక మీద చేదు తగిలితే పారేయండి.

మేడమ్, వినాయక చవితి 21 పత్రిలో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడా ఉన్నాయి. అంత విషమైతే పెద్దలు పూజలో ఎందుకు పెట్టారు?
– విజయనగరం నుంచి ఒక ఇంటర్ విద్యార్థిని

మంచి ప్రశ్న. ఎందుకు పెట్టారన్నదానికి ఎవరికి తోచింది వాళ్ళు చెబుతారు, నాకు తోచింది మాత్రం, ఏడాదికోసారైనా పిల్లలు ఊరి చుట్టూ తిరిగి ఏ ఆకు ఏదో గుర్తుపట్టడం నేర్చుకుంటారని. మా నాయనమ్మ పత్రి తెమ్మని పంపేటప్పుడు ఉమ్మెత్త కోశాక చేతులు కళ్ళకు రుద్దుకోవద్దనేది. ఎందుకో ఆవిడ చెప్పలేదు, నేను ఫార్మసీలో చేరాక గాని కంటిపాప సంగతి అర్థం కాలేదు. దేవుడి ముందు పెట్టమన్నారు గానీ కషాయం కాచుకోమని ఎవరూ అనలేదు కదా. ఒక్కటి మాత్రం చెయ్యి, పూజ అయ్యాక పత్రంతా తీసుకెళ్ళి ఆవు ముందో గేదె ముందో పడేస్తుంటారు, అందులోంచి గన్నేరు ఆకులు ముందే ఏరి పక్కన పెట్టు. పచ్చిదైనా ఎండినదైనా గన్నేరు ఆకు పశువుకి విషమే, ఎండిపోయాక చేదు తగ్గి గడ్డితో కలిసి తినేస్తాయి కూడా.